తాత తల ఊపాడు

వికారాబాద్,
17 ఫిబ్రవరి 2025, సోమవారం

చిన్నాయనకు,

పద్మ నమస్కారం. బాగానే చేరాను. స్టేషన్ నుంచి అనంతగిరి పోయే దారిలో పాత హాస్టల్ ఒకటి ఉంది. దానికే సున్నం కొట్టి ట్రైనింగ్ సెంటర్ అని పేరు రాశారు. గదికి ఇద్దరం. నాతో ఉన్నామె పరిగి సెంటర్ చూస్తుంది, దీక్షిత అని చిన్నపిల్ల. మంచం చూడగానే "అక్కా, నాకు గురక వస్తది, ముందే చెప్తున్న" అంది. నిజమే చెప్పింది.

నెల రోజులు ట్రైనింగ్. అయ్యేదాకా ఇంటికి పంపరు. ఈ ఏడు నుంచి సర్టిఫికెట్ లేనివాళ్లు సెంటర్ చూడకూడదని సెంటర్లు నడిపే సంస్థ వాళ్లు రూలు పెట్టారు కదా. పదకొండేళ్లుగా బండల ఫ్యాక్టరీ కూలీల పిల్లలను సాయంత్రం పూట కూర్చోబెట్టి చదివిస్తున్నాను, ఇప్పుడు కొత్తగా ఏం నేర్పుతారని మొదటి రోజే అడగాలనిపించింది. అడగలేదు. అందరి ముఖాలూ నా ముఖంలాగే ఉన్నాయి.

ఫోన్లు పొద్దున తీసుకుని రాత్రి అన్నం తిన్నాక ఇస్తారు. ఇచ్చినా నీకు లాభం లేదు. ముప్పై ఏళ్లు పాలిష్ మిషన్ పక్కన నిలబడిన చెవులు నీవి. చెవి మిషన్ పెట్టుకుని, ఎదురుగా నిలబడిన మనిషి మాటే నీకు అందుతుంది. ఫోన్లో అందదు. అందుకే ఉత్తరం. మన గల్లీ విజయ్‌కుమార్ ఇక్కడ మందుల దుకాణంలో పని చేస్తాడు. రోజూ పొద్దున రైలు బండికి తాండూరు నుంచి వస్తాడు, సాయంత్రం బండికి పోతాడు. నీ ఉత్తరం అతని చేతికివ్వు, ఇక్కడ గేటు దగ్గర ఇచ్చిపోతాడు.

సెంటర్ తాళం నీకిమ్మని సంస్థ వాళ్లను నేనే ఒప్పించాను. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పుకుంటారు. నువ్వు తలుపు తీసి, అక్కడే కూర్చుని, చీకటి పడకముందు ఇళ్లకు పంపితే చాలు. రోజూ పిల్లలకు పెట్టే శనగ గుడాలు ఉడకబెట్టమని చిన్నమ్మను అడగను, ఆమె మోకాళ్ల నొప్పి ఆమెకుంది. నేను వచ్చాక చేస్తానని పిల్లలకు చెప్పు.

నిరోషా సంగతి మళ్లీ చెప్తున్నాను, విసుక్కోకు. తొమ్మిదిలో బడి మానేసిన పిల్లతో ఓపెన్ స్కూల్లో పది కట్టించేసరికి ఎంత తిరిగానో నీకు తెలుసు. ఏప్రిల్‌లో పరీక్షలు. వాళ్ల పిన్ని హైదరాబాద్‌లో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. దసరా నుంచి ఈ పిల్లను తోడుకు పంపమని వాళ్లమ్మ బుగ్గమ్మను అడుగుతూ ఉంది. ఇప్పుడు పోతే పరీక్ష పోయినట్టే, పరీక్ష పోతే ఇంక పుస్తకం ముట్టదు. అందుకే వచ్చే ముందు నిరోషాను కూర్చోబెట్టి చెప్పాను. "నిన్ను పంపిస్తమని అంటే ఆగకుండ జంగప్ప తాతకు చెప్పు. తాత నాకు రాస్తడు. నేను యాడున్నా వస్త." ఆమె సరే అంది. నమ్మింది. కాబట్టి ఆమె ఏం చెప్పినా ఆ రోజే రాసి పంపు.

స్నానం చేసేటప్పుడు చెవి మిషన్ తీసి గూట్లో పెట్టు. చిన్నమ్మను అడిగానని చెప్పు.

పద్మ


తాండూరు,
23 ఫిబ్రవరి

పద్మకు చిన్నాయన రాస్తున్నది.

ఉత్తరం అందింది. మేము క్షేమం. మీ చిన్నమ్మ మోకాలికి నూనె రాసుకుంటూ నన్ను తిడుతూ ఉంది, అంటే బాగానే ఉన్నట్టు.

సెంటర్ రోజూ తీస్తున్నాను. పిల్లలు ఈసారి చాలా నిమ్మళంగా ఉన్నారు. నువ్వున్నప్పుడు అంత గోల ఎందుకు చేసేవాళ్లో అర్థం కాలేదు. నేను తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. వచ్చేటప్పుడు ఒకమాట, పోయేటప్పుడు ఒకమాట చెప్పి పోతారు. నేను తల ఊపుతాను. గుడాలు లేవని మొదటి రోజు ముఖాలు వేలాడేసుకున్నారు, తర్వాత అలవాటైంది.

మార్కెట్ యార్డులో కందుల బస్తాలు రోడ్డు దాకా వచ్చాయి. సేడం వైపు నుంచి వచ్చిన లారీ వాళ్లు కన్నడంలో కొట్లాడుకుంటుంటే నిలబడి చూశాను. బండల ఫ్యాక్టరీల్లో మాత్రం పని పలచబడింది. టైల్స్ వచ్చాక మన బండలు అడిగేవాళ్లు తగ్గారు. శంకరప్ప సేటు రెండు మిషన్లు ఆపేశాడు. బుగ్గమ్మ అక్కడే కదా చేసేది. ఇప్పుడు వారంలో కొన్ని రోజులే పిలుస్తున్నారట.

నిరోషా వస్తుంది. అందరికంటే ముందే వచ్చి నా పక్కన గడప మీద కూర్చుని చదువుతుంది. మంచి పిల్ల. అప్పుడప్పుడు ఏదో మాట్లాడుతుంది.

చెవి మిషన్ గురించి ఫికర్ పెట్టుకోకు. నీ వయసులో నెల రోజులు కూర్చోబెట్టి ఏం నేర్పుతున్నారో అది రాయి. మీ చిన్నమ్మ అడుగుతుంది, అన్నంలోకి ఏం పెడుతున్నారని.

ఇంతే.
జంగప్ప


వికారాబాద్,
27 ఫిబ్రవరి, గురువారం

చిన్నాయనా,

నీ అక్షరాలు చూసి ధైర్యంగా ఉంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి మళ్లీ అదే పప్పు నీళ్లు పోసి. చిన్నమ్మకు చెప్పు.

ఏం నేర్పుతున్నారంటే, నిన్న వినడం నేర్పారు. నవ్వకు. అరుణాదేవి అని మేడం ఒకామె వస్తుంది. యాభై దాటి ఉంటుంది, మనిషి నెమ్మది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఒకరు తమకు బరువనిపించింది చెప్పాలి. రెండోవాళ్లు మధ్యలో మాట్లాడకూడదు, సలహా ఇవ్వకూడదు, తల ఊపుతూ వినాలి. చివర్లో విన్నది మళ్లీ చెప్పి "ఇదేనా మీరన్నది" అని అడగాలి. దీక్షిత నాకు చెప్పాలి. కొంచెంసేపు చూసి, "ఏం చెప్పాల్నో తెలుస్తలేదక్కా, ఎవ్వలు అడగరు గద" అని ఊరుకుంది. అదే నేను మళ్లీ చెప్పాను. ఆమె ఏడ్చింది. మేడం బాగా చేశారంది. నేనేం చేశానో నాకే తెలియదు.

ఈరోజు ఇంకో పాఠం. పిల్లలకూ మనకూ మధ్య హద్దు ఉండాలట. సొంత ఫోన్ నంబర్ పిల్లలకు ఇవ్వకూడదు. వాళ్లింటికి ఒక్కరమే పోకూడదు. ఇంటివాళ్లతో మాట్లాడాలంటే ఆఫీసు ఫోన్ నుంచే. ఇది మా మీద అనుమానంతో పెట్టింది కాదని మేడం చెప్పింది. వేరే జిల్లాలో ఒకడు పిల్లలకు దగ్గరయ్యి చేయరాని పని చేశాడట. ఆ మాట విన్నాక ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనూ సంతకం పెట్టాను. పిల్లలకు మరీ దగ్గరగా పోవద్దని మనం అందరం చూసుకోవాల్సిందే, చిన్నాయనా. రూలు మంచిదే. కానీ ఇందాక బుగ్గమ్మకు ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ పెట్టేశాను. సంతకం పెట్టిన చేయి కదా.

నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. పిల్ల ముఖం చూస్తూ ఉండు.

నిద్ర సరిగ్గా లేదు. దీక్షిత గురకతో కాదు, రోజంతా కుర్చీలో కూర్చుని.

పద్మ


తాండూరు,
8 మార్చి, శనివారం

పద్మకు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పిల్లలకు దగ్గరగా పోవద్దని రాశావు. నా మీద ఎవరైనా ఏమన్నా చెప్పారా? చెప్తే నేరుగా రాయాల్సింది. నా పక్కన ఆడపిల్ల కూర్చుని చదువుకుంటుందని నేనే నీకు రాసి పంపాను, దాని మీద నువ్వు ఇలా రాశావు. అరవై ఏళ్లకు ఈ మాట పడాలని రాసిపెట్టి ఉంది. స్టూలు తీసుకుపోయి గేటు అవతల వేప కింద వేసుకున్నాను. అక్కడి నుంచి తలుపు కనబడుతుంది. తాళం వేయడానికి, తీయడానికి మాత్రమే లోపలికి పోతున్నాను. మీ చిన్నమ్మ చూసి, "కాపలా కుక్క కూడా గంత దూరం కూసోదు" అంది.

నిరోషా సంగతి అడిగావు కదా. ఈరోజు పిల్లలంతా పోయాక నా దగ్గరికి వచ్చింది. దూరంగానే నిలబడి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో కళ్లు తుడుచుకుంది. గాలికి బండల పొడి లేస్తుంది కదా, నాకూ కళ్లు మండుతున్నాయి. నేను తల ఊపాను. మళ్లీ ఏదో అడిగింది, మళ్లీ ఊపాను. ఆ పిల్ల ముఖం తేలికపడింది. నా కాళ్లకు మొక్కి పోయింది. ఎందుకో ఏమో, పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదా. బాగా చదువుకుంటుందని నాకనిపిస్తుంది. దాని గురించి నువ్వు పరేషాన్ కావద్దు.

ఈ ఉత్తరం సోమవారం విజయ్‌కుమార్ తెస్తాడు. రేపు ఆదివారం, అతను రాడు.

జంగప్ప


వికారాబాద్,
10 మార్చి, సోమవారం సాయంత్రం

చిన్నాయనా,

నీ ఉత్తరం నిరోషా ఉన్న బండిలోనే వచ్చింది.

విజయ్‌కుమార్ మధ్యాహ్నం గేటు దగ్గరికి వచ్చి కవరు ఇచ్చి, "అక్కా, పొద్దున స్టేషన్‌కు రాలేదా నువ్వు?" అన్నాడు. ఎందుకు అన్నాను. "మీ సెంటర్ పిల్ల లేదా, బుగ్గమ్మ బిడ్డ, నా డబ్బాలనే ఎక్కింది. సంచి ఉంది, ఇంకో ఆడమనిషి ఉంది. వికారాబాద్‌ల బండి ఆగంగనే తలుపు కాడికొచ్చి నిలబడ్డది. దిగుతదేమో అని నేను పక్కకు జరిగిన. దిగలే. ప్లాట్‌ఫారం ఈ కొసకెల్లి ఆ కొసకు చూసుకుంట నిలబడ్డది. బండి కదిలినా లోపలికి పోలే. నీకోసమే అనుకున్న" అన్నాడు.

ఆ టైముకు నేను హాల్లో కూర్చుని వినడం ఎలాగో మిగతావాళ్లకు చేసి చూపిస్తున్నాను.

శనివారం ఆ పిల్ల నీకు ఏం చెప్పింది? నువ్వు దేనికి తల ఊపావు? రెండు ప్రశ్నలకు జవాబు రాయి. వేరే సంగతులు వద్దు.

దగ్గరగా పోవద్దన్న మాట నీ గురించి కాదు. రూలు గురించి రాశాను. అది తర్వాత మాట్లాడుకుందాం.

పద్మ


తాండూరు,
11 మార్చి

పద్మకు.

ఆ పిల్ల శనివారం ఏం చెప్పిందో నాకు తెలియదు. నాకు వినబడలేదు.

చెవి మిషన్ నువ్వు పోయిన వారంలోనే ఆగిపోయింది. సెల్లు అయిపోయిందని గడియారాల దుకాణంలో ఇంకోటి కొన్నాను. అది పట్టలేదు. అదిమితే మూత విరిగింది. లోపల ఏదో కదిలింది. పెట్టుకుంటే బయటికి మాత్రం బాగానే కనబడుతుంది కాబట్టి పెట్టుకుని కూర్చున్నాను. నీకు రాయలేదు. చెవిటివాడికి తాళం ఎందుకిచ్చారని సంస్థ వాళ్లు నిన్ను అంటారని. నన్ను తీసేస్తారని కూడా. ఇంట్లో కూర్చుంటే మీ చిన్నమ్మ నోరు కదలడం చూస్తూ కూర్చోవాలి.

తల ఊపడం అలవాటు. మిషన్లు నడిచేటప్పుడు ఫ్యాక్టరీలో ఎవరికీ ఏమీ వినబడదు. మేస్త్రి వచ్చి ఏదో అంటాడు, అందరం ఊపుతాం. ఊపి, పక్కవాడు ఏం చేస్తే అది చేస్తాం. ఊపనివాడిని చెవులు పోయాయని పని మాన్పిస్తారు. చెవులు పోయాక నేను ఎనిమిదేళ్లు పని చేశాను, ఊపడం వల్లనే.

నీ ఉత్తరం చూసి మీ చిన్నమ్మను వెంట తీసుకుని శంకరప్ప సేటు ఫ్యాక్టరీకి పోయాను. బుగ్గమ్మ మాటలు విని ఈమె ఇంట్లోలాగే నా చెవిలో అరిచింది. మిషన్ల చప్పుడులో ఇద్దరు ఆడవాళ్లు అరుస్తుంటే పనివాళ్లంతా చూశారు. ఇలా అన్నది బుగ్గమ్మ.

"నా బిడ్డ మీకు చెప్పింది గద తాతా. సోమారం పొద్దున బండికి పిన్ని తోలుకపోతున్నది, అక్కకు రాయి, వికారాబాద్ టేషన్‌కు వచ్చి నన్ను దించుకోమను అని చెప్పింది. రాస్తవా అనడిగితే ఊపినవట. అక్క వస్తదా అనడిగితే ఊపినవట. ఇంటికొచ్చి నాతోని లొల్లి కూడ పెట్టుకోలే. నవ్వుకుంట సంచి సదురుకున్నది. నేనేమో పోవుడు ఇష్టమే అనుకున్న."

పని వారంలో కొన్ని రోజులే ఉంటే ఏం చేయమంటవు తాతా, అని కూడా అంది. అది నాకు వినబడకపోయినా తెలుసు.

తాళం ఎవరికివ్వాలో రాయి.

జంగప్ప


వికారాబాద్,
17 మార్చి

చిన్నాయనా,

ఇన్నాళ్లు రాయలేదు. కోపంతో రాస్తే బాగుండదని ఆగాను. కొంత కోపం ఇంకా ఉంది, కొంత నా మీద ఉంది.

బుధవారం నీ ఉత్తరం చదివి అరుణాదేవి మేడం దగ్గరికి పోయి హైదరాబాద్ పోవాలని అడిగాను. అంతా విన్నది. మధ్యలో మాట్లాడలేదు, సలహా ఇవ్వలేదు. చివర్లో, "వెళ్లండి. కానీ హాజరు నేను వేయలేను. ఈ బ్యాచ్ సర్టిఫికెట్ రాదు, మళ్లీ మొదటి నుంచి కూర్చోవాలి. అప్పటిదాకా సెంటర్‌కు వేరేవాళ్లను పంపుతారు. రూలు నేను రాయలేదు పద్మారాణి గారూ, మార్చడం కూడా నా చేతిలో లేదు" అంది. ఆమె కూడా అలిసిపోయిన మనిషిలాగే కనబడింది. పోతున్నానని చెప్పాను.

బుగ్గమ్మకు నా సొంత ఫోన్ నుంచే చేసి అడ్రసు తీసుకున్నాను. అమీర్‌పేటలో సందులో సందు. మూడంతస్తుల ఇల్లు, లోపల మంచాలే మంచాలు. వంటింట్లో నిరోషా కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ ఉంది. నన్ను చూసి లేవలేదు. కోస్తూనే ఉంది.

"బాగున్నవా?" అన్నాను.

"మంచిగున్న."

"నాకు తెల్వలే, నిరోషా. తెలిస్తే వచ్చేదాన్ని."

"తాత ఊపిండు" అంది. "అక్క వస్తదా అంటే ఊపిండు. తలుపు కాడ నిలబడ్డ. పిన్ని లోపలికి గుంజుతున్నది. నువ్వు బాత్రూంకు పోయినవేమో, ఉరికొస్తున్నవేమో అనుకున్న. ఊరు దాటేదాక గట్లనే అనుకున్న."

"తాతకు వినబడలే. చెవి మిషన్ ఖరాబైంది."

చేతిలో ఉన్న ఉల్లిగడ్డ కోయడం పూర్తి చేసింది. తర్వాత కత్తి పక్కన పెట్టి, "చెవులు ఇనబడనోనికి చెప్పమని నువ్వే చెప్తివి" అంది.

నెల నుంచి వినడం నేర్పుతున్నారు నాకు. చెప్పింది మళ్లీ చెప్పి ఇదేనా నువ్వన్నది అని అడగాలి కదా, అది అడగడానికి సిగ్గేసింది. కింద కూర్చుని నేనూ ఒక కత్తి తీసుకున్నాను.

వెంటనే రానంది. నడుమల వదిలేసి వస్తే హాస్టల్ ఆమె ముందు పిన్నికి మాట వస్తుందట. పిన్ని చెడ్డది కాదు, చిన్నాయనా. పొద్దున నాలుగు పొయ్యిల ముందు నిలబడితే రాత్రి దాకా అంతే. తోడు కావాలనుకుంది. ఆమె, నేను కలిసి హాస్టల్ ఆమెతో మాట్లాడాం. పరీక్షలప్పుడు పంపుతానంది. పంపినప్పుడు చూడాలి. నిరోషా మాత్రం వస్తాననలేదు, రాననలేదు. నేను మెట్లు దిగుతుంటే వెనకొచ్చి, "సోషల్ పుస్తకం సెంటర్లనే ఉన్నది" అంది. అంతే.

నా నంబర్ ఆమె అరచేతిలో పెన్నుతో రాశాను. రూలు తప్పాను. నీకొక్కడికే రాస్తున్నాను.

ఆ పుస్తకం, దానితో పాటు ఓపెన్ స్కూలు పుస్తకాలన్నీ కట్టి విజయ్‌కుమార్‌కు ఇవ్వు. రెండో బ్యాచ్‌కు ఇక్కడే ఉంటున్నాను, ఇక్కడి నుంచి నేను పంపుతాను.

తాళం ఇప్పుడే ఎవరికీ ఇవ్వకు. నీకు వినబడకపోవడం తప్పు కాదు. వినబడడం లేదని చెప్పకపోవడం తప్పు. నేను పిల్ల గురించి అంత భయపడి, ఒక్క ఫోన్ చేయకుండా సంతకం చూసుకుంటూ కూర్చోవడం ఏమిటో దానికి నీకు తోచిన పేరు పెట్టు.

పద్మ


తాండూరు,
26 మార్చి

పద్మకు.

పుస్తకాలు పంపాను. సోషల్ పుస్తకంలో నెమలీక ఉంది, తీయలేదు.

పరిగి నుంచి నవీన్‌కుమార్ అని కొత్త పిల్లవాడు వచ్చాడు. సెంటర్ చూసుకోవడానికి పంపారట. సర్టిఫికెట్ ఉందట. నేను మొదటి రోజే నాకు చెవులు లేవని చెప్పేశాను. అతను ఏదో అన్నాడు. నేను ఊపలేదు. మళ్లీ అన్నాడు. నేను ఊపలేదు. అప్పుడు నవ్వి, తాళం నా చేతిలోనే పెట్టి, చేత్తో చూపించాడు, ఉంచుకోమని. తొందరగా పోవాలట, ఆరు గంటల బస్సు తప్పితే పరిగికి మళ్లీ దొరకదు. పిల్లల పేర్లు ఇంకా పట్టుబడలేదు.

శంకరప్ప సేటు ఫ్యాక్టరీ వెనక పారేసిన ముక్కల్లో నల్లబండ ముక్క ఒకటి ఏరి తెచ్చాను. ఒక వైపు నేనే పాలిష్ పట్టాను. చేయి మరిచిపోలేదు. దాన్ని స్టూలు పక్కన గోడకు ఆనించి సుద్ద ముక్కలు పెట్టాను. ఎవరేం చెప్పాలన్నా దాని మీద రాయాలి. రాస్తే చదివి జవాబు చెబుతాను. మొదట పిల్లలకు ఆటైపోయింది. కోతి బొమ్మ వేసి కింద జంగప్ప తాత అని రాశారు. ఇప్పుడు సరిగ్గానే రాస్తున్నారు. ఒకడు రోజూ "నాకు ఆకలైతుంది" అని రాస్తాడు. అక్షర దోషం లేదు.

ఊపకుండా ఉండటం కష్టంగా ఉంది. మెడ దానంతట అదే కదులుతుంది. చేత్తో గడ్డం పట్టుకుని కూర్చుంటున్నాను. మీ చిన్నమ్మ నన్ను చూసి, "ఇన్నేండ్లు నేనేమన్నా ఊపితివి గద, అందుల ఎన్ని ఇన్నవు ఎన్ని ఇనలే?" అంది. అది కూడా బండ మీద రాయించింది, ఒక పిల్లతో.

స్టూలు మళ్లీ తలుపు పక్కకే తెచ్చాను. నువ్వు వద్దంటే తీస్తాను.

జంగప్ప


వికారాబాద్,
16 ఏప్రిల్, బుధవారం

చిన్నాయనా,

స్టూలు అక్కడే ఉండనీ.

ఎండలు ముదిరాయి. రెండో బ్యాచ్‌లో మళ్లీ మొదటి పాఠం నుంచి కూర్చున్నాను. దీక్షిత సర్టిఫికెట్ తీసుకుని పోయింది. పోతూ తన దిండు నాకిచ్చింది. ఇప్పుడు గదిలో ఉన్నామెకు గురక లేదు, నిద్ర మాత్రం పడుతలేదు. నిన్న వినే పాఠం మళ్లీ వచ్చింది. తల ఊపుతూ వినాలని మేడం చెప్పబోయి, నా వైపు చూసి ఆగింది. "వినబడితేనే ఊపండి" అంది. కొత్తవాళ్లు రాసుకున్నారు.

పుస్తకాలు అందాక నిరోషా హాస్టల్ ఆమె ఫోన్ నుంచి రెండుసార్లు చేసింది. రెండుసార్లూ లెక్కలే అడిగింది.

శనివారం సాయంత్రం బండికి వస్తుందట. పిన్ని ఎక్కించి పోతుంది. ఆదివారం నుంచి పరీక్షలు. బండి ఇక్కడ ఆగేది కొద్దిసేపే. ఆమె దిగాల్సింది తాండూరులో, ఇక్కడ కాదు. అయినా నేను ప్లాట్‌ఫారం మీద నిలబడతాను. మేడంకు చెప్పాను. హాజరు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నువ్వు, చిన్నమ్మ తాండూరు స్టేషన్‌కు పోండి. బుగ్గమ్మకు ఆ రోజు పని ఉంటే పని ఎగ్గొట్టి రమ్మని చెప్పకు. పని దొరికిందే తక్కువ.

వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా మళ్లీ పోతుంది.

పద్మ


తాండూరు,
20 ఏప్రిల్, ఆదివారం

పద్మకు చిన్నాయన రాసేది.

నిన్న నువ్వు నిలబడ్డావని విజయ్‌కుమార్ చీటీ రాసి చూపించాడు. అతను అదే బండిలో ఎక్కాడట. డబ్బాలు నిండి ఉన్నాయట, ఆ పిల్ల తలుపు దగ్గరికి రాలేకపోయిందట. కిటికీలో నుంచి చేయి బయటపెట్టిందట. ఎవరి చేయో నీకు తెలిసిందో లేదో అని రాస్తున్నాను. ఆమెదే.

ఇక్కడ దిగింది. మనిషి చిక్కిపోయింది. సంచి మీ చిన్నమ్మ తీసుకోబోతే ఇవ్వలేదు. నాతో మాట్లాడలేదు. నా వైపు చూడలేదు కూడా. బుగ్గమ్మ ఇంటి దాకా ముగ్గురం నడిచాం. నేను కొంచెం వెనక నడిచాను.

ఈరోజు మొదటి పరీక్ష రాసి వచ్చింది. ఎలా రాసిందో నేను అడగలేదు. ఆదివారమైనా, పరీక్ష రాసేవాళ్లు చదువుకోవడానికని సాయంత్రం సెంటర్ తీశాను. నవీన్‌కుమార్ రాలేదు. ఆమె అందరికంటే ముందే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి నన్ను చూసింది. తర్వాత నోరు కదిపి ఏదో అంది. మెల్లగా అంది, చాలా చిన్నమాట. నా మెడ కదలబోయింది. గడ్డం పట్టుకున్నాను.

"ఇనబడలే బిడ్డా" అన్నాను.

అలాగే నిలబడింది. పోతుందేమో అనుకున్నాను. పోలేదు. వంగి సుద్ద ముక్క తీసుకుని, బండ మీద ఉన్న కోతి బొమ్మ చున్నీతో తుడిచి, రాసింది.

"గుడాలు ఉన్నయా అని అడిగిన."

లేవు అని చెప్పాను. తర్వాత తలుపు ఆమెకు అప్పజెప్పి, ఇంటికి పోయి మీ చిన్నమ్మను శనగలు నానబెట్టమన్నాను. మోకాళ్లు నొస్తున్నాయంది. పొయ్యి నేనే ముట్టిస్తానన్నాను. నానడానికి టైం పడుతుంది. రేపు సాయంత్రానికి అవుతాయి.

జంగప్ప